ఎడమ చివరి బాల్కనీలో శవం

ఆ ఆదివారం ఉదయం కంపోజిటర్ పెట్టుకున్న పని ఒక్కటే. డాబా మీద టెలిస్కోపుకి కొత్తగా కొన్న మూడు సామాన్లు బిగించి, ఎండ ముదరకముందే గదిలోకి వచ్చి అన్నం వండుకోవడం. ఇంతకంటే నిరపాయకరమైన ఆదివారం లోకంలో మరొకటి ఉండదు. అయినా మధ్యాహ్నమయ్యేసరికి ఓ తలుపు ఊడింది, ఓ సంఘం కార్యదర్శి గొంతు బొంగురుపోయింది, పదకొండుమంది కలిసి బతికున్న మనిషి కోసం కన్నీళ్లు పెట్టుకున్నారు.

ఆయన్ని కంపోజిటర్ అని పిలవడం ఇప్పుడు మర్యాదకే. ఇరవై ఆరేళ్లు అచ్చాఫీసులో సీసపు అక్షరాలు పేర్చిన మాట నిజం. కంప్యూటర్లు వచ్చాక ఆ సీసాన్ని కరిగించి అమ్మేశారు. ఆయన్ని కరిగించే వీల్లేక ప్రూఫులు దిద్దే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పెళ్లి చేసుకోలేదు. చేసుకోకూడదని కాదు, చూద్దాం, చూద్దాం అంటూ ఉండగా చూసేవాళ్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు. మిగిలింది వేరే ఊళ్లో ఉన్న అక్క. ఆవిడ ప్రతి ఆదివారం ఉదయం ఫోన్ చేస్తుంది.

"తిన్నావురా?"

"ఇంకా లేదక్కా."

"రాత్రి తలుపు గడియ పెట్టుకోకురా. దొంగలొస్తే ఏం పట్టుకుపోతారు గానీ, నీకేమన్నా అయితే పగలగొట్టాలి."

అక్క ఊరికే అంటుంది, కానీ ఆ మాట ఆయన్ని నెలరోజులుగా తినేస్తోంది. క్రితం నెల ప్రూఫుల్లో ఓ చిన్న వార్త వచ్చింది. ఒంటరిగా ఉంటున్న ఒకాయన ఇంట్లో పోతే, నాలుగు రోజులకి గానీ ఎవరికీ తెలియలేదు. వయసు యాభై నాలుగు. కంపోజిటర్ ఆ వార్తలో రెండు అచ్చుతప్పులు దిద్ది, ఒక కామా చేర్చి, తర్వాతి కాగితం తీసుకోలేక కాసేపు అలాగే కూర్చున్నాడు. ఆయనకూ యాభై నాలుగే. నాలుగు రోజులంటే తన లెక్కలో ఎక్కువా తక్కువా అని ఆలోచించాడు. ఆదివారం పోతే మళ్లీ ఆదివారం దాకా అక్కకి తెలియదు. సోమవారం పోతే అచ్చాఫీసువాళ్లు సెలవనుకుంటారు.

టెలిస్కోపు కొన్నది అంతకు ఏడాది ముందు. జనం శని వదిలితే చాలనుకుంటారు, ఈయన సొమ్ము పోసి మరీ శనిని వెతుక్కున్నాడు. మొదటిసారి చుట్టూ ఉంగరంతో చిన్న గింజంత శని కనబడగానే ఒళ్లు జలదరించింది. "చూశావా?" అంటూ పక్కకి తిరిగాడు. పక్కన బట్టలారేసే తీగ ఉంది. దాని మీద ఆయన బనీనే ఉంది. ఆ రాత్రి ఆయనకి కలిగిన దిగులు, టెలిస్కోపు లేనప్పుడు ఎప్పుడూ కలగలేదు.

అయినా పట్టు వదల్లేదు. మెడ నొప్పి పుట్టకుండా వంగి చూడటానికి మోచేయిలా వంపు తిరిగిన అద్దం గొట్టం ఒకటి, కన్ను ఆనించి చూస్తే ఇంకా పెద్దగా చూపించే చిన్న ఐపీస్ ఒకటి, గురి చూసుకోవడానికి గాజుబిళ్ల మీద ఎర్రచుక్క వెలిగే ఫైండర్ ఒకటి కొన్నాడు. అమ్మిన కళ్లద్దాల షాపాయన మంచివాడు. అన్నీ వివరంగా చెప్పాడు.

"ఈ వంపు గొట్టంలో అద్దం ఉంటుందండి. ఇదివరకులా తలకిందులుగా కనబడదు గానీ, కుడి ఎడమలు తారుమారవుతాయి. ఆకాశంలో కుడేంటి, ఎడమేంటి, మీకేం ఇబ్బంది లేదు. ఫైండర్ని మాత్రం పగటిపూట దూరంగా ఉన్న బోర్డు మీదో స్తంభం మీదో పెట్టి సరిచేసుకోండి. మరలు తిప్పితే చుక్క జరుగుతుంది."

కంపోజిటర్ తలూపాడు. ఆ తలూపడం వినయంతో చేసింది కాదు. అప్పుడాయన డబ్బా మీద అచ్చయిన సూచనల్లో తప్పులు వెతుకుతున్నాడు. మూడు దొరికాయి.

ఎనిమిదింటికి పని మొదలైంది. ఆయన డాబాకి ఎదురుగా గూడ్సు యార్డు, దానికవతల ఓ కిలోమీటరు దూరంలో పొడుగాటి అపార్టుమెంటు. దాని నెత్తిన నట్టనడుమ ఓ రంగుల కంపెనీ బోర్డు ఉంది. దూరంగా కనబడే ఎత్తయిన బోర్డంటే అదే. తక్కువగా పెంచి ఎక్కువ మేర చూపించే పాత ఐపీసుతో ముందు దాన్ని పట్టుకున్నాడు. 'వానకు చెక్కు చెదరని రంగులు' అని చదివాడు. 'చెక్కు'లో వత్తు ఎగిరిపోయింది. వానకి చెదరని రంగైతే ఈ వత్తు ఎలా చెదిరిందని విసుక్కున్నాడు.

ఇక్కడ ఆయన గురించి ఒక్క మాట చెప్పుకోవాలి. మీరో నేనో అయితే ఆ బోర్డు చూడగానే అక్షరాలన్నీ అద్దంలో పడ్డట్టు తిరగబడి ఉన్నాయని పట్టుకునేవాళ్లం. షాపాయన మాట గుర్తొచ్చేది. కానీ సీసపు అక్షరం పుట్టుకే తిరగబడిన పుట్టుక. ఇరవై ఆరేళ్లు తిరగబడిన అక్షరాలనే చదివిన కంటికి ఆ బోర్డు చక్కగా, సాఫీగా, ఒక్క వత్తు తప్ప ఏ లోపమూ లేకుండా కనబడింది.

ఎర్రచుక్కని బోర్డు నడిమధ్యకి తెచ్చి మరలు బిగించాడు. చుక్క బుద్ధిగా కూర్చుంది. తర్వాత చిన్న ఐపీస్ పెట్టి, గొట్టాన్ని కొద్దిగా కిందికి దించి, పై అంతస్తులోని నాలుగు బాల్కనీలనూ ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. ఎడమ చివరిదాంట్లో ఓ కుర్చీ ఉంది. కుర్చీలో ఓ మనిషి తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి ఉన్నాడు. వేరేవాళ్ల ఇంట్లోకి తొంగిచూడటం తప్పని గొట్టం పక్కకి తిప్పేశాడు.

ఇరవై నిమిషాల తర్వాత ఐపీస్ పదును సరిచూడటానికి మళ్లీ అటు తిప్పితే ఆ మనిషి అలాగే ఉన్నాడు. మరో పావుగంటకీ అలాగే ఉన్నాడు. అప్పుడు పరీక్షగా చూశాడు. చెవి పక్కనుంచి మెడ మీదికి నల్లటి చార ఒకటి కారి, ఎండిపోయి ఉంది. మోకాలి మీద ఈగ వాలినా మోకాలు కదల్లేదు. కిలోమీటరు అవతలి ఈగ కనబడిందా అని అడక్కండి, ఆ క్షణాన ఆయనకి కనబడింది.

'నాలుగు రోజులు' అనుకున్నాడు కంపోజిటర్. ఆ మనిషి ఎవరో, ఏమో. ఎవరూ చూడటం లేదు, తనే చూస్తున్నాడు. తను కూడా చూడనట్టు ఊరుకుంటే, రేపు తన కుర్చీ వైపు చూసే దిక్కెవరు?

ఏ బాల్కనీయో గుర్తు పెట్టుకుందామని ఫైండర్లోకి చూశాడు. ఎర్రచుక్క కుడి చివరి బాల్కనీ మీద ఉంది. ఇప్పుడే కదా సరిచేశాను, అప్పుడే దారి తప్పిందా అని కోప్పడి, మరలు తిప్పి తిప్పి దాన్ని ఎడమ చివరికి తెచ్చి కూర్చోబెట్టాడు. ఆ ఉదయం మొత్తం మీద నిజం చెప్పింది ఆ ఎర్రచుక్క ఒక్కటే. దాని చెవి మెలిపెట్టి అబద్ధం చెప్పించాడు.

అంబులెన్సుకి ఫోన్ చేస్తే ఓ అమ్మాయి చిరునామా అడిగింది.

"చిరునామా తెలీదమ్మా. యార్డు అవతలి అపార్టుమెంటు, పై అంతస్తు, ఎడమ చివర."

"ఎటునుంచి చూస్తే ఎడమండీ?"

ఆ పిల్ల ఎంత తెలివిగలదో ఆయనకి అప్పుడు తెలియలేదు. మనిషి పోతుంటే ఈ పరీక్షలేమిటని ఫోన్ పెట్టేసి, ఉన్న లుంగీ మీదే చొక్కా తొడుక్కుని మెట్లు దిగాడు. యార్డు చుట్టూ తిరిగి, వంతెనెక్కి, కొంత దూరం పరుగు, కొంత దూరం నడక, కొంత దూరం కరెంటు స్తంభాన్ని పట్టుకుని ఆయాసం. అపార్టుమెంటు ముందు నిలబడి తలెత్తి చూసి, ఎడమ చివరి బాల్కనీని వాచ్‌మన్‌కి వేలెత్తి చూపించాడు.

"అందులో నర్సమ్మ ఉంటదండి," అన్నాడు వాచ్‌మన్.

"నర్సమ్మ కాదు, మగమనిషి. కుర్చీలో ఉన్నాడు. పోయాడు."

"నర్సమ్మ ఇంట్లో మగమనిషా?"

ఈ ఒక్క ప్రశ్నతో వాచ్‌మన్ చావు సంగతి సగం మరిచిపోయాడు. లిఫ్టులో నలుగురే పడతారు కాబట్టి మిగతా జనం మెట్లెక్కారు, మెట్ల మీద కబురు వాళ్లకంటే ముందెక్కింది. రెండో అంతస్తులో పోయినాయన నర్సమ్మ తండ్రి. మూడో అంతస్తుకి ఆయనకి గుండెజబ్బు వచ్చింది. నాలుగో అంతస్తులో తండ్రీకూతుళ్లకి మాటల్లేవని తెలిసింది. పై అంతస్తు చేరేసరికి నర్సమ్మే ఏదో ఇంజక్షన్ ఇచ్చి పారిపోయిందని ఒకావిడ ఖాయం చేసింది.

తలుపు కొట్టారు. పలుకు లేదు. బెల్లు నొక్కారు. అది మోగిందో లేదో తెలియలేదు. అపార్టుమెంటు సంఘం కార్యదర్శి ముందుకొచ్చాడు. ఆయన ఏ పనైనా నిబంధన ప్రకారం చేస్తాడు, అందుకే ఏ పనీ చేసిన దాఖలా లేదు.

"తలుపు పగలగొట్టాలంటే సభ్యుల్లో సగం మంది ఒప్పుకోవాలి. చేతులెత్తండి."

"శవం అవతల కుర్చీలో ఉంటే ఓట్లేంటండీ?" అన్నాడు కంపోజిటర్.

"మీరు సభ్యులు కారు. మీరు మాట్లాడకూడదు."

చేతులు లేచాయి. కింది అంతస్తు వడ్రంగి ఉలి తెచ్చాడు గానీ సుత్తి పనిచోట వదిలేశాడట. అప్పుడు జనం వెనకనుంచి, తలకి తువ్వాలు చుట్టుకున్న ఓ పెద్దాయన మెల్లగా అన్నాడు:

"సుత్తి నా దగ్గరుంది. ఉండండి, తెస్తాను."

ఆయన అదే అంతస్తులో అవతలి చివర ఉంటాడు. సుత్తి తెచ్చిచ్చి, గోడకి ఆనుకుని నిట్టూర్చాడు. "పాపం, ఏ వేళప్పుడు పోయాడో. దాహమేసినా మంచినీళ్లిచ్చే మనిషి లేక... పక్కనే ఉండి నేనూ చూసుకోలేకపోయాను." ఆ మాటకి ఇద్దరాడవాళ్లు కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. కంపోజిటర్ ఇంతమందిలో తన బాధ తెలిసింది ఈయన ఒక్కడికే అనుకుని, దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ విధంగా చచ్చినవాణ్ణి చూసొచ్చినవాడు చచ్చినవాణ్ణే ఓదార్చాడు.

మూడు దెబ్బలకి గడియ ఊడింది. అందరూ ఒక్కసారే లోపలికి తోసుకున్నారు. ఒకావిడ కప్పడానికి దుప్పటి కూడా తెచ్చింది. పడగ్గది తలుపు తెరుచుకుని, చెవుల్లోంచి దూది తీసుకుంటూ నర్సమ్మ బయటికొచ్చింది. రాత్రంతా డ్యూటీ చేసి వచ్చి పడుకున్న మనిషి. తన హాల్లో పదకొండుమంది, ఒక ఉలి, ఒక సుత్తి, ఒక దుప్పటి. ఆవిడ గోడ పట్టుకుంది.

"ఏంటి? ఏమైంది?"

"శవం," అన్నాడు కార్యదర్శి.

ఎంత నిద్రలో ఉన్నా వృత్తి వృత్తే. "పల్స్ చూశారా?" అని అడిగింది నర్సమ్మ.

కంపోజిటర్ ఒక్క అంగలో బాల్కనీలోకెళ్లాడు. అక్కడ ఆరేసిన రెండు తెల్లకోట్లు, ఓ కుండీ ఉన్నాయి. కుర్చీ లేదు. కుర్చీయే లేనప్పుడు శవం ఎక్కడ కూర్చుంటుంది? ఆయన కింది వీధిలోకి కూడా తొంగిచూశాడు. వెనక్కి తిరిగేసరికి అందరి చూపులూ మారిపోయి ఉన్నాయి.

"ఇంతకీ మీరెక్కడినుంచి చూశారండీ?" కార్యదర్శి గొంతు పెంచాడు.

"యార్డు అవతల మా డాబా మీంచి. టెలిస్కోపులోంచి."

నర్సమ్మ మెల్లగా కోట్లు ఆరేసిన తీగ వైపు, తర్వాత ఆయన వైపు చూసింది. ఆ చూపుకి కంపోజిటర్ చచ్చిపోయాడు.

"ఆడమనిషి ఒక్కత్తే ఉండే ఇంట్లోకి టెలిస్కోపు పెట్టి చూశారన్నమాట."

"కాదండీ. ఫైండర్ సరిచేస్తున్నాను. శని కోసం."

"తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టుంది," అన్నాడు కార్యదర్శి. "పట్టపగలు శనేంటండీ?"

కంపోజిటర్‌కి ఏడుపొక్కటే తక్కువ. యాభై నాలుగేళ్లలో తనని ఎవరూ పట్టించుకోలేదన్న బాధే గానీ, ఇలా పట్టించుకుంటారనుకోలేదు. "అమ్మా, నేను మనిషిని చూశాను," అన్నాడు నర్సమ్మతో. "కదలకుండా ముప్పావుగంట. చెవి పక్కన రక్తం కారి ఎండిపోయింది. ఆయన ఒక్కడే ఉన్నాడు. నేను రాకపోతే ఎవరొస్తారని వచ్చాను. అంతే."

ఆవిడ చూపు జనం మీదుగా పోయి తువ్వాలు పెద్దాయన దగ్గర ఆగింది.

"తాతగారూ, మీ చెవి పక్కన నల్లగా ఏంటది?"

పెద్దాయన చెవి తడుముకున్నాడు. వేలికి నలుపంటింది. "రంగమ్మా, జుట్టుకి. పట్టించి ముప్పావుగంట కదలకుండా కూర్చోమని రాసుంది. బాల్కనీలో కూర్చుని కాస్త కునుకు తీశాను. ఈ గోలకి మెలకువొచ్చి, తలకి తువ్వాలు చుట్టుకుని..." ఆయన ఆగిపోయాడు. కంపోజిటర్ వైపు చూశాడు. "అయితే ఆ పోయింది నేనా?"

"మీది కుడి చివర కదండీ," అన్నాడు వాచ్‌మన్.

అదే ఎవరికీ అంతుపట్టలేదు. కార్యదర్శి విచారణ సంఘం వేశాడు. తను, నర్సమ్మ, పోయిన పెద్దాయన సభ్యులు. ముగ్గురూ వంతెన దాటి వచ్చి డాబా ఎక్కారు. ఏడాదిలో ఆ మెట్లు ఆయన తప్ప ఇంకెవరూ ఎక్కలేదు. కూర్చోబెట్టడానికి ఒక్కటే స్టూలుంది. దాన్ని ఎవరికివ్వాలో తెలియక కంపోజిటర్ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

ముందు కార్యదర్శి గొట్టం పైకెత్తి కన్ను పెట్టాడు. "ఇదేంటయ్యా, బోర్డు మీద అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి?"

"ఎక్కడండీ?" కంపోజిటర్ వంగి చూశాడు. "చెక్కులో వత్తు లేదు గానీ మిగతాదంతా సరిగ్గానే ఉంది కదా."

నర్సమ్మ చూసింది. మళ్లీ ఆయన వైపు చూసింది. చేతిసంచిలోంచి చిన్న అద్దం తీసి, మందుల చీటీ ఒకటి దానికి చూపించి, "అద్దంలోది చదవండి," అంది. ఆయన గుక్క తిప్పుకోకుండా చదివి, మందు పేరులో తప్పుందన్నాడు. అప్పటికి కుడి ఎడమలు తారుమారవుతాయన్న షాపాయన మాట గుర్తొచ్చి ఆయన ముఖం పాలిపోయింది. నర్సమ్మ ఆ ఉదయం మొదటిసారి నవ్వింది. నవ్వి, నిద్ర ఆపుకోలేక ఆయన చేతిలోని స్టూలు లాక్కుని కూలబడింది.

"తలుపు నేనే దగ్గరుండి బిగింపిస్తానమ్మా," అన్నాడాయన.

"బిగింపిద్దురుగాని. ఒక్క సంగతి చెప్పండి. ఆయన్ని మీరు చూశారు. మరి మిమ్మల్నెవరు చూస్తారు?"

కంపోజిటర్ ప్రూఫులో తప్పు దొరకనప్పుడు చూసినట్టు నేల వైపు చూశాడు. కార్యదర్శి మాత్రం, ఇకమీదట ఆ గొట్టం తమ అపార్టుమెంటు వైపు తిరగరాదని తీర్మానం చెయ్యబోయాడు. అప్పటిదాకా పిట్టగోడ దగ్గర నిలబడి యార్డు అవతలికి చూస్తున్న పెద్దాయన అడ్డొచ్చాడు.

"ఇంత దూరం పరిగెత్తుకొచ్చారా, నాకోసం?"

"పరుగు కొంత దూరమేనండి."

"మా ఆవిడ పోయి పదేళ్లయింది. కరెంటు బిల్లువాడు తప్ప నా తలుపు కొట్టినవాడు లేడు. తిప్పనీండి కార్యదర్శిగారూ, నా వైపే తిప్పనీండి." పెద్దాయన కంపోజిటర్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "రోజూ ఎనిమిదింటికి కుర్చీలో కూర్చుని చెయ్యెత్తుతాను. ఎత్తకపోతే రండి. సుత్తి తలుపు బయటే పెడతాను."

మర్నాడు ఎనిమిదింటికి చెయ్యి లేచింది. కంపోజిటర్ కూడా ఎత్తాడు. కిలోమీటరు అవతలికి తన చెయ్యి కనబడదని తెలుసు, అయినా ఎత్తాడు. రోజూ అంతే. చెయ్యి చూడటం, చెయ్యెత్తడం, అచ్చాఫీసుకి పోవడం. మాటా లేదు, పలుకూ లేదు. పన్నెండు రోజులు గడిచాయి.

పదమూడోరోజు చెయ్యి లేవలేదు. మనిషి కుర్చీలోనే ఉన్నాడు, తల వెనక్కి వాలి ఉంది. ఐదు నిమిషాలు చూశాడు, పది నిమిషాలు చూశాడు. ఆపైన చూడలేకపోయాడు. ఈసారి కరెంటు స్తంభం దగ్గర ఆగలేదు. వాచ్‌మన్ ఏమీ అడక్కుండా లిఫ్టు తలుపు తీసి పట్టుకున్నాడు. పై అంతస్తులో, కుడి చివర, తలుపు దగ్గరకి వేసి ఉంది. కంపోజిటర్ సుత్తి పుచ్చుకుని, దాంతో పని లేదని తెలిసి కూడా వదలకుండా, లోపలికెళ్లాడు.

పెద్దాయన బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. బల్ల మీద రెండు కప్పులున్నాయి.

"చెయ్యెత్తలేదేమండీ?" ఆయాసపడుతూ అడిగాడు కంపోజిటర్.

"ఊరికే. వస్తారో రారో చూద్దామని."

కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ రెండో కప్పు తనకోసం పెట్టిందని అర్థమయ్యేసరికి ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తన కోసం ఎవరైనా కప్పు కడిగి పెట్టి ఎన్నేళ్లయిందో గుర్తు రాలేదు. సుత్తి బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ముప్పై అయిదు నిమిషాలు పట్టింది మీకు," అన్నాడు పెద్దాయన, గోడ గడియారం చూస్తూ. "టీ చల్లారిపోయింది."

చల్లారిన టీయే తాగారు. ఆ రోజు అచ్చాఫీసులో ప్రూఫుల బల్ల ఖాళీగా ఉంది. అప్పటినుంచి ఆ పెద్దాయన వారానికి మూడుసార్లయినా చచ్చిపోతున్నాడు.